ఏ నీళ్ళతో కడిగినావ్?

జయరాజు ఆటో దిగుతుంటే, దుప్పట్లో చుట్టి ఎత్తుకొస్తున్నది పసిబిడ్డేమో అనుకుంది షాహిదా. అంత జాగ్రత్తగా దిగాడు. అంగట్లోకి వచ్చి, బల్ల మీద పెట్టి దుప్పటి విప్పితే లోపల ఒక చిన్న పెట్టె. ఒకప్పుడు మీగడ రంగులో ఉండి ఇప్పుడు పసుపు తిరిగింది. ముందువైపు చిన్న తెర, తెర కింద సన్నటి సందు, పైన చెయ్యి దూర్చి పట్టుకోవడానికి గుంత. చూడ్డానికి పాతకాలపు బుల్లి టీవీలాగే ఉంది.

"కంప్యూటర్, ఖలందరన్నా," అన్నాడు జయరాజు. "ముప్పై ఏండ్ల పైమాటే, బెంగుళూర్లో ఒగ ఆఫీసోళ్ళు తీసేస్తాంటే కొన్నా. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి పత్రికలన్నీ దీంట్లోనే రాసింది. అచ్చు ఆపేసినా కదా పోయిన నెల. ప్రసూన గుజిరీకి ఎయ్యమంటాది. నా బిడ్డే, అయినా దానికేం తెలుసు? ఈ అక్షరాలు నేను చుక్క చుక్క పెట్టి గీసినవి. ఒగసారన్నా వెలిగితే చూసుకుంటా."

షాహిదా ఇదంతా గుడ్డతెర వెనకనుంచి చూస్తోంది. రిపేరు అంగడి ముందుగది భర్త ఖలందర్‌ది. బల్ల, మీటర్లు, గోడకు వేలాడే వైర్లు, వచ్చినవాళ్ళకు వేసే ప్లాస్టిక్ కుర్చీ. పాత చీర చించి కట్టిన తెర దాటితే ఆమె గది. చూసినవాళ్ళు అక్కడ ఆమె వంట చేసుకుంటుందనుకుంటారు. వంట చేసుకునేది నిజమే. కానీ పొయ్యి పక్కనే ఇంకొక బల్ల ఉంది. దాని మీద సోల్డరింగ్ ఐరన్, భూతద్దం, సన్నని పటకారు ఉంటాయి.

ఖలందర్ కుడిచెయ్యి వణకడం మొదలై రెండేళ్ళు దాటింది. అనంతపురం డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని చెప్పాడు. అప్పటినుంచి అంగడి పని ఒక తీరులో నడుస్తోంది. వచ్చినవాళ్ళను ఖలందర్ కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఎప్పుడు ఆగింది, వాసనేమన్నా వచ్చిందా, ఆగేముందు గుర్రుమనిందా అని అడుగుతాడు. మూత తీసి చూస్తాడు. రోగం ఏదో చెప్తాడు. "సాయంత్రం రాపో" అంటాడు. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే వస్తువు తెర వెనక్కి వస్తుంది. షాహిదా అతికించాల్సింది అతికిస్తుంది. సాయంత్రం ఖలందర్ దాన్ని చేతికిచ్చి, "ఇంగ చూసుకో" అంటాడు. తానే చేశానని నోటితో ఏనాడూ అనలేదు. ఎవరూ అడగలేదు కనుక అబద్ధం ఆడాల్సిన అవసరం రాలేదు.

"పెట్టిపో రాజన్నా. రేపు రా," అన్నాడు ఖలందర్ మామూలుగా.

జయరాజు ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాడు. "లేదన్నా. నేను ఈన్నే కూర్చుంటా."

"ఈన్నేనా?"

"ఒగసారి పెట్టిపోయి మోసపోయినా. యాడో ఒగ మెకానిక్కు దీంట్లో మంచి సామాన్లు పెరికి చెత్తవి పెట్టినాడు. నిన్ను అనలేదన్నా, తప్పుగా అనుకోవద్దు. నా కండ్లకు ఎదురుగా చెయ్యి, ఎన్ని దినాలైనా వచ్చి కూర్చుంటా. పనేం ఉంది నాకు?"

తెర వెనక షాహిదా పొయ్యి తగ్గించి చెవి ఇటు వేసింది. జయరాజు చెడ్డవాడు కాదు, కానీ కదిరి బజారులో అతనికి తెలియని మనిషి లేడు. ఊరందరి పెళ్ళిళ్ళూ అతని చేతి మీదుగా జరిగినట్టే. ఇవాళ అతను ఇక్కడ చూసింది రేపటికి బస్టాండు దాకా పోతుంది. ఖలందర్ చెయ్యి పడిపోయిందట అని. ఆ మాట భర్త చెవిన పడితే ఏమవుతాడో ఆమెకు తెలుసు. చెయ్యి వణకడం మొదలైన కొత్తలో బంధువుల పెళ్ళిలో అతని బిర్యానీ పళ్ళెం ఒళ్ళో ఒలికింది. అప్పటినుంచి అతను పెళ్ళిళ్ళకు పోవడమే మానేశాడు. పోతున్నది ఈ అంగడికొక్కదానికే. ఇది కూడా పోతే ఇంక మంచాన పడతాడు.

ఖలందర్ పెట్టెకు కరెంటు ఇచ్చాడు. తెర మధ్యలో నిలువుగా ఒక తెల్లటి గీత వచ్చింది, అంతే. అతను పెట్టె ఎడమ చెంప మీద అరచేత్తో తట్టాడు. గీత సాగి బొమ్మంతా పరుచుకుని, మళ్ళీ గీతగా ముడుచుకుపోయింది.

ఖలందర్ ముఖం వికసించింది. "ఇది మన రోగమే రాజన్నా. టీవీల్లో వంద చూసినా. లోపల అతుకు పగిలుంటాది. తడితే ఆనుతాది, ఇడిస్తే ఇడిపోతాది."

పొడవాటి స్క్రూడ్రైవర్‌తో వెనక మూత ఊడదీశాడు. లోపల నిజంగానే బుల్లి టీవీ ఉంది. పిక్చర్ ట్యూబ్ మెడ, రబ్బరు టోపీ, లావుపాటి వైరు. స్విచ్చి ఆపినా ఆ ట్యూబులో కరెంటు దాక్కునే ఉంటుంది. దాన్ని ముందు దించెయ్యాలి. స్క్రూడ్రైవర్‌కు వైరు చుట్టి, ఆ కొసను ఇనుప చట్రానికి తగిలించి, మొనను రబ్బరు టోపీ కిందికి పోనివ్వాలి. చెయ్యి జారితే మెడ పగులుతుంది, లేదా షాకు కొడుతుంది.

షాహిదా ఇక నిలవలేక చాయ్ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది. ఖలందర్ ఎడమచేత్తో కుడి మణికట్టును అదిమి పట్టుకుని, మోచెయ్యి బల్లకు ఆనించి, స్క్రూడ్రైవర్ తోస్తున్నాడు. నుదుటి మీద చెమట. లోపల టప్‌మని శబ్దం వచ్చింది. చాయ్ కొంచెం ఒలికింది, ఆమె చేతిలోది.

"ఏం వదినా, నువ్వు బెదిరితే ఎట్ల?" నవ్వాడు జయరాజు.

"నువ్వు లోపలికి పో," అన్నాడు ఖలందర్, ఆమె వైపు చూడకుండా.

ఆ పగిలిన అతుకు పెద్దది, కందిగింజంత ఉంది. మణికట్టు అలా అదిమిపట్టే సీసం పోశాడు. వంకరగా పడింది కానీ పట్టింది. మళ్ళీ కరెంటు ఇస్తే తెర నిండుగా వెలిగింది. అయితే వెలిగిన తెర మీద బొమ్మ లేదు. తువ్వాలు మీద గళ్ళలాగా నల్లవీ తెల్లవీ చారలు నిలబడిపోయాయి.

"టీవీ బాగైంది. కంప్యూటర్ బాగా ల్యా," అన్నాడు ఖలందర్. అడుగునున్న బోర్డు లాగి భూతద్దం పెట్టి చూశాడు. వేలిగోరంత రేకు డబ్బాలు కొన్ని ఉన్నాయి. వాటి కాళ్ళ దగ్గర బోర్డు నూనె పూసినట్టు మసకబారింది. "కండెన్సర్లు రాజన్నా. ముసిలివై కారిపోయినాయి. ఆ రసం చుట్టూ తినేస్తాది. అన్నీ పెరికి కొత్తవి ఎయ్యల్ల, కింద కడగల్ల. సామాను బెంగుళూరు నుంచి రావల్ల."

"వచ్చినంక ఫోను చెయ్యి," అని జయరాజు పెట్టెను మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం షాహిదా రొట్టెలు తడుతుంటే ఖలందర్ పీట వేసుకుని పక్కన కూర్చున్నాడు.

"అవి ఆవగింజంత అతుకులు. నా వల్ల కాదు," అన్నాడు. "నువ్వే చెయ్యల్ల. నేను ఆయప్పను బయటికి పిల్చుకోని పోతా."

"చెప్పెయ్యరాదా?"

"ఏమని? ఖలందర్ చెయ్యి పోయిందనా?"

"నా చెయ్యి ఉండాది కదా."

"నీ చెయ్యీ నా చెయ్యీ ఒగటేనని మనకు తెలుసు. బజారోళ్ళకు ఏం తెలుసు? రేపు మిక్సీ తెచ్చినోడు నన్ను చూసి, పాపం అంటాడు. పాపం అనిపించుకోని ఆ కుర్చీలో కూర్చోలేను నేను."

షాహిదా రొట్టె తిప్పింది. తనకు పేరు రావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అనుకున్నది చిన్నది. అడుగుల చప్పుడు వినపడగానే వేడి ఐరన్ చాటున పెట్టి, చెంగుతో బల్ల మూసి, గరిటె పట్టుకోవాల్సి రావడం ఆమెకు కష్టంగా ఉంది. తన ఇంట్లో తానే దొంగ పని చేస్తున్నట్టు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతను కుడిచెయ్యి తొడకింద దాచుకుని కూర్చున్న తీరు చూసి మింగేసింది.

"స్పిరిట్‌తో తుడిస్తే పోదా ఆ రసం?" అని మాత్రం అడిగింది.

"చాలదు. నీళ్ళతో కడిగితేనే పోతాది. కడిగి బాగా ఎండబెట్టు."

సామాను బస్సులో వచ్చింది. జయరాజు మళ్ళీ పెట్టెతో వచ్చి కూర్చున్నాడు. ఖలందర్ బోర్డు బయటికి తీసి, "దీనికి మందు పెట్టి ఆరబెట్టల్ల రాజన్నా, ఊరికే కూర్చోని ఏం చేస్తావు? నేను శుక్రవారం నమాజుకు పోయొస్తా. నువ్వు ఆ హోటల్లో చాయ్ తాగుతాండు," అన్నాడు. నమాజు మాటకు జయరాజు అడ్డం చెప్పలేకపోయాడు. బోర్డును మాత్రం వదిలి, పెట్టెను ఎత్తుకుని పోయి హోటల్లో కూర్చున్నాడు. ఖలందర్ నిజంగానే మసీదుకు వెళ్ళాడు. చెప్పిన మాట అబద్ధం కాకూడదని.

షాహిదా బోర్డును తెర వెనక్కి తెచ్చుకుంది. ఐరన్ మొన తగిలించగానే కుళ్ళిన చేపల వాసన గుప్పుమంది. కొంగు ముక్కుకు కట్టుకుంది. ఒక్కొక్క డబ్బానే మెత్తగా లేపి తీసింది. తొందర ఉన్నా చెయ్యి తొందరపడలేదు. చెయ్యి తొందరపడితే కింది రాగి పొరే ఊడివస్తుందని ఆమెకు తెలుసు. తీసినచోట పాత సీసం గీకింది. స్పిరిట్ పూసి బ్రష్షుతో రుద్దింది. తర్వాత బోర్డును పట్టుకుని పెరట్లో కొళాయి కిందికి పోయి, అంట్లగిన్నె కడిగినట్టు రెండువైపులా శుభ్రంగా కడిగింది.

ఆ ఇంట్లో రెండు రకాల నీళ్ళున్నాయి. కొళాయిలో వచ్చే బోరునీళ్ళు ఉప్పు. అవి ఒంటికి, బట్టలకు, అంట్లకు. మంచినీళ్ళు క్యాన్లలో వస్తాయి. అవి తాగడానికి, కూరలోకి. ఏళ్ళ తరబడి ఆమె చెయ్యి అలాగే అలవాటు పడింది. క్యాను నీళ్ళతో ఒక వస్తువును కడగాలన్న ఆలోచన ఆమెకు కలలో కూడా రాదు.

రేకుల మీద బోర్డు పెడితే కదిరి ఎండ చిటికెలో తేమంతా పీల్చేసింది. కొత్త కండెన్సర్లు వరసగా అతికించింది. భూతద్దంలో చూసుకుంది. అతుకులన్నీ ముత్యాల్లా మెరుస్తున్నాయి. ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు అనుకుంది. చూపించడానికి ఎవరూ లేరు.

ఖలందర్ వచ్చి చూసి, "భలే," అన్నాడు మెల్లగా. తర్వాత హోటల్ వైపు తిరిగి కేక పెట్టాడు. "రాజన్నా, రా! ఆరింది!"

జయరాజు పెట్టె దించగానే ఖలందర్ బోర్డును గూట్లోకి తోసి స్విచ్చి వేశాడు. పెట్టె లోపలినుంచి గంట కొట్టినట్టు ఒక చిన్న మోత. తెర మీద నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చి పోయింది. జయరాజు చొక్కా జేబులోంచి రుమాల్లో చుట్టిన ఫ్లాపీ తీసి సందులో పెట్టాడు. పెట్టె గురగురమంది. తెర మీద గుండ్రటి తెలుగు అక్షరాలు ఒక్కో వరసా దిగాయి. శుభలేఖ. కింద వధువు పేరు, వరుడి పేరు, చిలమత్తూరులో ఒక ఇంటి ఆవరణలో ముహూర్తం.

"ఈ 'క్ష' చూడన్నా," అన్నాడు జయరాజు, వేలు చాపుతూ. "దీనికి మూడు దినాలు పట్టింది. తోక యాడ తిప్పినా పక్కనక్షరానికి తగులుతాండె."

అతని వేలు 'క్ష' తోక దాకా పోయిందో లేదో, అక్షరాలు కదలక బిగుసుకుపోయాయి. మరుక్షణం తెర నిండా మళ్ళీ గళ్ళ తువ్వాలు.

స్విచ్చి ఆపి వేశారు. గళ్ళే. మళ్ళీ ఆపి వేశారు. గంట మోత వచ్చింది కానీ బొమ్మ రాలేదు. జయరాజు ముఖం వాడిపోయింది. ఖలందర్ బోర్డు బయటికి లాగి, భూతద్దం కంటికి ఆనించి, వీధి వెలుగులోకి వంచాడు. చిప్పుల కాళ్ళ సందుల్లో సన్నగా తెల్లటి పొడి. కొళాయి మూతికి పట్టే తెలుపు, బకెట్టు అంచున పేరుకునే తెలుపు. అది తేమ పట్టుకుని కాలికీ కాలికీ మధ్య కరెంటుకు వంతెన కట్టింది.

నలభై ఏళ్ళు మెకానిక్కుగా బతికినవాడి కోపం ఒక్కసారిగా పైకి తన్నింది. తెర వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"షాహిదా! ఏ నీళ్ళతో కడిగినావ్?"

లోపలినుంచి ఆమె గొంతు, ఆలోచించుకోకుండానే, "కొళాయి నీళ్ళతోనే!" అంది.

"ఉప్పునీళ్ళతోనా? బుద్ధుండాదా నీకు? అన్నీ అంత బాగా అతికించి..."

అక్కడ ఆగిపోయాడు. షాహిదా తెర పక్కకు వచ్చి నిలబడింది. జయరాజు ఆమెను చూశాడు, ఖలందర్‌ను చూశాడు. బోర్డు పట్టుకున్న ఖలందర్ కుడిచేతిని చూశాడు. బోర్డు అంచు టకటకమని బల్లకు తగులుతోంది.

"అంటే... వదిన చేసిందా ఇది?" అన్నాడు.

తప్పించుకునే దారి ఒకటి ఉంది. కడగడం ఒక్కటే ఆమె పని అని చెప్పొచ్చు. జయరాజు నమ్ముతాడు కూడా. షాహిదా ఆ మాటకోసమే ఎదురుచూసింది. భర్త అది అంటే, అవునన్నట్టు తలూపడానికి సిద్ధపడింది.

ఖలందర్ బోర్డును బల్ల మీద పెట్టాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకోకుండా, బల్ల మీద వదిలేశాడు. అది దానిమట్టుకు అది కొట్టుకుంటూ ఉంది.

"చూసుకో రాజన్నా. రెండేండ్లయింది ఇది నా మాట ఇనక. ఈ అంగట్లో బాగైనవన్నీ ఆమె చేసినవే. నేను కూర్చోని మాట్లాడతాండా, అంతే." బోర్డును అతని వైపు తోసి, "నీ సామాను దొంగిలించింది ఏమీ ల్యా. ఉప్పునీళ్ళు పోసింది," అన్నాడు.

జయరాజు 'పాపం' అనలేదు. అతను కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇప్పుడేం చెయ్యల్ల మరి? పోయిందా నా 'క్ష'?" అన్నాడు బెంగగా.

"ఎట్ల పోతాది," అంది షాహిదా. "ఉప్పు కడిగితే పోతాది." ఇన్వర్టర్ పక్కన బ్యాటరీలో పోసే నీళ్ళ డబ్బా ఉంది. ఉప్పు, మన్ను ఏదీ లేని నీళ్ళు. ఎప్పుడూ కళ్ళముందే ఉంది. అది తెచ్చి, బేసిన్లో బోర్డు పెట్టి, డబ్బా వంచింది. మెత్తటి బ్రష్షుతో చిప్పుల సందుల్లో నెమ్మదిగా తుడిచింది. మళ్ళీ పోసింది. ఒక కండెన్సరు కింద తెలుపు ఇంకా ఇరుక్కుని ఉంది, దాన్ని లేపి, కడిగి, తిరిగి అతికించాలి. ఐరన్ లోపల ఉంది.

వెళ్ళబోతుంటే ఖలందర్ తనే లేచి పోయి ఐరన్, భూతద్దం, పటకారు అన్నీ తెచ్చి ముందుబల్ల మీద పెట్టాడు. తన కుర్చీ ఖాళీ చేసి పక్కకు జరిగాడు.

షాహిదా కూర్చుంది. వీధిలో పోతున్నవాళ్ళు ఇటే చూస్తున్నట్టు అనిపించి చెంగు సవరించుకుంది. జయరాజు ఆమె భుజం మీదికి వంగి మరీ చూస్తున్నాడు. పటకారు కొస అదిరింది. రెండేళ్ళలో మొదటిసారి ఆమె చెయ్యి కూడా వణికింది. ఇంతమంది కళ్ళ ముందు ఈయన ఇన్నేళ్ళు ఎలా చేశాడో అనుకుంది.

"వెలుగుకు అడ్డం వస్తాండావన్నా. రొంత జరుగు," అంది.

జయరాజు గబుక్కున జరిగాడు. సీసం కరిగి, మెరిసి, నిలిచింది.

"ఇంగ ఎండకు పెట్టొద్దు," అన్నాడు ఖలందర్. "గాలికే ఆరనీ. రేపటిదాకా." మాట మామూలుగానే ఉంది. జయరాజు పెట్టెను దుప్పట్లో చుట్టబోయి, ఆగి, దాన్ని బల్ల మీదే వదిలి, దుప్పటిని మాత్రం మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట ఖలందర్ సరిగా తినలేదు. తెల్లవారి అంగడికి వస్తాడో రాడో అని షాహిదా వేగంగా పనులు ముగించుకుని చూస్తూ ఉంది. వచ్చాడు. ఆలస్యంగా వచ్చాడు. బోర్డు వేళ్ళతో తడిమి చూసి, గూట్లోకి తోసి, స్విచ్చి ఆమెనే వెయ్యమన్నాడు. గంట మోగింది. శుభలేఖ దిగింది. జయరాజు వచ్చి మధ్యాహ్నం దాకా ఒక్కొక్క పత్రికా తెరిచి చదువుకుంటూ కూర్చున్నాడు. అక్షరాలు కదలకుండా నిలిచాయి.

అతనింకా అక్కడుండగానే సిద్దమ్మ మిక్సీ మోసుకుని వచ్చింది. కుర్చీలో షాహిదాను చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఖలందరప్ప లేడా?"

పక్కనున్న బెంచీ మీదినుంచి ఖలందర్ గొంతు వచ్చింది. "ఈన్నే ఉండా సిద్దమ్మా. ఆమెకు చూపీ. పని ఆమెదే."

జయరాజు తెర మీదినుంచి తలెత్తలేదు, కానీ అతని పెదవి కొస నవ్వుతోంది. సిద్దమ్మ నమ్మకం లేనట్టు మిక్సీని బల్ల మీద పెట్టింది.

"తిరగదు," అంది ముక్తసరిగా.

షాహిదా మిక్సీని తన వైపు తిప్పుకుంది. ఇన్నాళ్ళూ తెర వెనక్కి వచ్చే వస్తువు రోగం తేలిపోయి వచ్చేది. ఇదిగో ఇక్కడ కాలింది, ఇదిగో ఇది మార్చు అని. భర్త ఊరికే మాట్లాడతాడని తను కూడా లోపల్లోపల అనుకున్న రోజులున్నాయి. ఏం చెయ్యాలో తోచక స్క్రూడ్రైవర్ అందుకుంది.

"అప్పుడే ఇప్పొద్దు," అన్నాడు ఖలందర్. "ఏం రుబ్బుతాంటే ఆగిందో అడుగు."

"ఏం రుబ్బుతాంటే ఆగింది అక్కా?"

"ఏం రుబ్బుతా? ఉలవలు. మా కోడలు నానబెట్టలేదు. చెప్తే ఇనదు. పొద్దున్నే ఏమయిందంటే..." అంటూ సిద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

షాహిదా స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినసాగింది.